భద్రత సున్నా

దేవరకొండ డిగ్రీ కాలేజీ, పైఅంతస్తు ల్యాబు.
పన్నెండు సిస్టములు, నడిచేవి ఏడు.
నేను గంటల లెక్కన జీతమొచ్చే లెక్కల సారును,
సార్లు లేనప్పుడు వైర్లు పీకి పెట్టేటోన్ని.

మేఘావత్ రుక్కి, రెండో సంవత్సరం,
ఎక్స్ ఘాతం ఎన్‌లోంచి ఒకటి తీసేసి
ముక్కలు చేయిస్తున్నది, ఒక్కొక్క ఎన్‌కు.
ప్రతి ముక్కలోనూ గుణకాలు అవే:
ఒకటి, సున్నా, మైనస్ ఒకటి.
"ఇంకో అంకె రానే రాదా సార్?"
"నన్నెందుకు అడుగుతవ్, దాన్నే అడుగు."

నూట నాలుగు దాకా అడిగింది.
నూట ఐదు కాడ
తెర మీద కర్సరు రెండుసార్లు కొట్టుకున్నది,
కిటికీ మూసుకపోయింది.
తప్పు ఇదని ఒక్క ముక్క కూడా చెప్పకుండ.

మళ్ల. మళ్ల అక్కడ్నే.
కరెంటన్నం, మెమరీ అన్నం,
ఆమె వేలు జారిందన్నం (అది నేనే అన్న, తర్వాత సిగ్గుపడ్డ).
అటెండర్ ఇద్దయ్య గుమ్మంలో నిలబడి
నూట ఐదు మంచి అంకె కాదు సారూ,
నిమ్మకాయ కోద్దామా, అన్నడు.
నవ్విన గని
మూడో రోజుకు నాకూ కోయాలనిపించింది.

మా మేనమామ వల్లెపు గురువయ్య బాయిలు తవ్వేటోడు.
ఎర్రమన్ను ఎల్లినంక మొరం,
మొరం ఎల్లినంక రాయి.
రాయి మారేది కంటికన్నా ముందు గడ్డపారకు తెలుస్తదనేటోడు.
నీళ్లు ఉప్పగ వస్తే
బొక్కెనను తన్నకురా, అనేటోడు.

నేను అన్నిరోజులూ బొక్కెననే తన్నిన.

ఆల్జీబ్రా సాఫ్ట్‌వేర్ కింద ఇంకొకటున్నది:
మనం రాసిన మాటను నమిలి
మిషిన్ నోట్లో పెట్టే కంపైలర్.
బీరువాలో మూలకున్న హార్డ్‌డిస్కు దుమ్ము దులిపి
పాత కంపైలర్‌ను లేపిన.
అదే ప్రోగ్రాము, ఒక్క అక్షరం మార్చలే.
నూట ఐదు దాటింది.

అప్పుడు ఫైలు తెరిచి మొదటినుంచి చదివిన.
పైన్నే ఉన్నది, ఎవరు ఎప్పుడు రాసిన్రో:
వేగం మూడు, భద్రత సున్నా.
అంటే, చూడకు, ఉరుకు.
పాతది ఆ మాట విన్నట్టే విని
ఓ కన్ను తెరుచుకునే ఉరికింది.
కొత్తది నిజంగనే కండ్లు మూసుకున్నది.
పెద్ద అంకె రాదులే అని తనకు తానే అనుకొని
చిన్న గిన్నె పెట్టింది.
ఎవరూ చెప్పలే దానికి అట్లని.
మనమూ అనుకుంటిమి గదా, నూట నాలుగు సార్లు చూసి.

సున్నాను మూడు చేసిన, వేగాన్ని ఒకటికి దించిన.
మళ్ల కంపైల్ అయ్యేసరికి
కింద బస్టాండులో డిండి బస్సు పోయింది,
దాని వెనుకది కూడా పోయింది.
రుక్కి కూర్చునే ఉన్నది.

ఎనిమిది ముక్కలొచ్చినయ్.
ఆఖరుది తెర పట్టనంత పొడుగు.
ఏడో ఘాతం ముందర
మైనస్ రెండు.

ఆమె కుర్చీ ముందుకు జరిగింది.
"ఇది తప్పా సార్, ఒప్పా?"
ఒప్పే అన్న.
"మొన్నటి దాకా సచ్చిన మిషిన్ మాట
ఇయ్యాల ఎట్ల నమ్మాలె?"

ఆ రాత్రి కంపైలర్ రాసినోళ్లకు
ఏడు వరుసల ఉత్తరం రాసిన:
ఏ వెర్షన్, ఏ లైను, ఏ అంకె కాడ పడ్డది.
నాలుగోసారి తిరగరాస్తుంటే కరెంటు పోయింది.

సోమవారం రుక్కి నోటుబుక్కు తెచ్చింది.
మిషిన్ లేదు, కాలిక్యులేటర్ లేదు.
తండా నుంచి కాలేజీకి, కాలేజీ నుంచి తండాకు
బస్సు కుదుపులకు వంకర్లు పోయిన భాగహారం,
పదకొండు పేజీలు.
ఆరో పేజీలో ఒక గుర్తు తప్పు పోయి
అక్కడి నుంచి మొత్తం కొట్టేసి మళ్ల చేసింది.

పదకొండో పేజీ అడుగున
పెన్సిలుతో సున్నా చుట్టి ఉన్నది మైనస్ రెండు.
దాని పక్కన ఇంకా చిన్నగ:
నలభై ఒకటి కాడ కూడా ఉన్నది సార్,
మీరు చూడలే.